స్టాల్‌లో రోజంతా నిలబడాలా? ముందు షూ సంగతి చూడండి

[తెర మీద: హైదరాబాద్ హైటెక్స్ హాల్లో 3 మీటర్లు బై 3 మీటర్ల స్టాల్. ఒక చెయ్యి కార్పెట్ అంచు ఎత్తుతుంది. కింద కాంక్రీటు.]

వాయిస్: ఎగ్జిబిషన్ అనగానే ఏ చొక్కా, ఏ చీర అని ఆలోచిస్తాం. కానీ సాయంత్రానికి మిమ్మల్ని కూలబడేసేది ఈ నేల. కార్పెట్ పల్చన, దాని కింద నేరుగా కాంక్రీటే. నడుస్తుంటే పిక్కల కండరాలు రక్తాన్ని పైకి నెడతాయి. ఒకేచోట నిలబడితే ఆ పని సరిగ్గా జరగదు, పాదాలు ఉబ్బుతాయి. ఉదయం సరిగ్గా పట్టిన షూ సాయంత్రం 4 గంటలకి కరవడం మొదలుపెడుతుంది.

[క్లోజప్: షూ లోపల బొటనవేలు, ముందు ఖాళీ.]

అందుకే షూ సాయంత్రం పూట కొనండి, స్టాల్‌లో వేసుకునే సాక్సే తొడుక్కుని చూడండి. వేళ్ల ముందు సుమారు 1 సెంటీమీటరు ఖాళీ ఉండాలి. లేసులున్నదే తీసుకోండి, మధ్యాహ్నం వదులు చేసుకోవచ్చు. హీల్స్ వేస్తే బరువంతా పాదం ముందుభాగం మీద పడుతుంది. అలాగని అట్టలాంటి ఫ్లాట్స్ కూడా వద్దు, వాటిలో మెత్తదనమే ఉండదు. 2, 3 సెంటీమీటర్ల వెడల్పాటి మడమ నయం.

కొత్త షూ మొదటి రోజే వేసుకొస్తే బొబ్బలు ఖాయం. కనీసం వారం ముందు నుంచి ఇంట్లో వాడండి. ఒక జత చెమట ఆరేలోపు మళ్లీ తొడగాల్సి వస్తుంది కాబట్టి, రెండు జతలు మార్చి మార్చి వేసుకోండి.

[క్లోజప్: మడమ మీద మైక్రోపోర్ టేపు (చర్మానికి అంటించే పేపర్ టేపు) అంటిస్తున్న చేతులు.]

బొబ్బ వచ్చేది తడి, రాపిడి కలిసినప్పుడు. పూర్తి కాటన్ సాక్స్ చెమట పీల్చి తడిగానే ఉండిపోతాయి, కాటన్‌లో పాలియెస్టర్ కలిసినవి మేలు. ఎక్కడ ఒరుసుకుంటుందో తెలిస్తే అక్కడ ఉదయమే టేపు వేసేయండి. మంట పుట్టేదాకా ఆగకండి.

[తెర మీద: చీర కట్టుకుంటున్న సిబ్బంది, నడుము దగ్గర క్లోజప్.]

చీర యూనిఫారం అయితే అసలు ఇబ్బంది లంగా బొందు. సన్నటి తాడు 8 గంటలు నడుముని కోస్తుంది, నల్లటి చార పడుతుంది. బొందు తీసేసి 4, 5 సెంటీమీటర్ల వెడల్పు ఎలాస్టిక్ పట్టీ కుట్టించండి. షూ తొడుక్కున్నాకే కుచ్చిళ్లు పెట్టాలి, లేకపోతే పొడవు తప్పుతుంది. అంచు నేలకి వేలెడు పైన ఉండాలి. ఎందుకంటే కార్పెట్ అతుకుల దగ్గర రెండువైపులా అంటుకునే టేపు ఉంటుంది, లేచిన చోట చీర అంచు పట్టుకుంటుంది. జార్జెట్ పైటకి పిన్నీసు పెట్టేటప్పుడు కింద చిన్న గుడ్డముక్క మడిచి పెడితే చిరగదు.

కంపెనీ పోలో టీషర్టులా? బూడిద రంగు మాత్రం ఒప్పుకోకండి, చంకల దగ్గర చెమట మ్యాపు గీసినట్టు కనిపిస్తుంది. నేవీ బ్లూ బెటర్. కాటన్ అయితే ఉతికాక కాస్త కుంచించుకుపోతుంది, ఒకసారి ఉతికాకే సైజు సరిచూసుకోండి. లోపల చేతులున్న బనియన్ వేస్తే చెమట బయటికి రాదు. ఏసీ ఎక్కువైతే వేసుకోవడానికి పల్చటి జాకెట్ ఒకటి ఉంచుకోండి. మెడలో ఐడీ కార్డు చాలు, దానికి ఫోన్ కూడా తగిలిస్తే మెడ పట్టేస్తుంది.

పిక్కలు లాగేవాళ్లు కంప్రెషన్ సాక్స్, అంటే కాలిని బిగుతుగా పట్టి ఉంచే సాక్స్ వాడొచ్చు. 15–20 ఎంఎం హెచ్‌జీ అని ఉన్నవి తీసుకోండి, అది ఎంత గట్టిగా నొక్కుతాయో చెప్పే కొలత. పాదం ఉబ్బకముందే, ఉదయమే తొడగాలి. పై అంచు మడవకండి, తాడు బిగించినట్టు నొక్కుతుంది. షుగర్ ఉన్నవాళ్లు, కాళ్లకి రక్తప్రసరణ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగాకే.

[తెర మీద: టేబుల్ కింద చిన్న సంచి.]

అందులో స్పేర్ సాక్స్, టేపు, అర డజను పిన్నీసులు. మధ్యాహ్నం సాక్స్ మార్చుకోండి, తేడా మీకే తెలుస్తుంది.

స్టాల్ సెటప్ చేసే రోజు, విప్పే రోజు లెక్క వేరు. ఏసీ సాధారణంగా ఉండదు, షట్టర్లు బార్లా తెరిచి ఉంటాయి, నేల మీద మేకులు, స్క్రూలు. ఆ రెండు రోజులూ పాత జీన్స్, గట్టి అడుగున్న మూసిన షూ. శాండిల్స్ వద్దే వద్దు.