నీరసం గురించి అడగలేదేంటండి?

శ్రోతలకు నమస్కారం.

నేను ప్రజారోగ్య పరిశోధనలో ఉన్నాను. మందులివ్వను, ల్యాబ్‌లో కూర్చోను. ఒక జబ్బు మీద పరిశోధన మొదలయ్యే ముందు, ఆ జబ్బుతో బతుకుతున్నవాళ్ల దగ్గర కూర్చుని, ఏం తేలితే మీకు పనికొస్తుందని అడగడం నా ఉద్యోగం.

మొదట్లో ఈ పనిని నేను తలకిందులుగా చేశాను. ప్రశ్నలన్నీ మేమే రాసుకుని, అచ్చువేయించి, ఆ తర్వాత రోగుల దగ్గరికి వెళ్లేవాళ్లం. ఒకసారి కీళ్లవాతం ఉన్న ఒకావిడకు అలాంటి ఫారం ఇచ్చాను. వేళ్లు వంకర పోయి ఉన్నాయి. పెన్నును బొటనవేలికీ అరచేతికీ మధ్య ఇరికించుకుని, ఒక్కో గడిలో టిక్కు పెడుతూ వచ్చారు. చివరి పేజీ అయ్యాక ఇంకేమైనా ఉందేమోనని వెనక్కి తిప్పి చూశారు. ఏమీ లేదు.

"నొప్పి అడిగారు, వాపు అడిగారు. నీరసం గురించి ఒక్క ముక్కా అడగలేదేంటండి? నొప్పికి మాత్ర ఉంది. పొద్దున లేస్తూనే ఒంట్లో ఓపిక లేకపోతే దానికేం వేసుకోను?"

నాకు నోట మాట రాలేదు.

ఆవిడ అన్నమాటే అంతర్జాతీయ స్థాయిలోనూ వినిపించింది. కీళ్లవాతానికి మందుల్ని పరీక్షించేటప్పుడు ఏమేం కొలవాలో చర్చించే ఒమెరాక్ట్ అనే పరిశోధకుల బృందం ఉంది. 2002లో వాళ్లు తమ సమావేశానికి రోగుల్ని కూడా పిలిచారు. వచ్చినవాళ్లు గట్టిగా చెప్పింది నీరసం గురించే. తప్పకుండా కొలవాల్సినవాటి జాబితాలో అప్పటికి అది లేదు. 2006 సమావేశంలో, వీలైనచోటల్లా నీరసాన్ని కూడా కొలవాలని ఒప్పుకున్నారు. ఆ జాబితా రాసినవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు. జబ్బు వాళ్ల ఒంట్లో లేదు, అంతే.

అడగకపోతే ప్రాణాలే పోయే సందర్భాలూ ఉన్నాయి. 2014లో పశ్చిమాఫ్రికాలో ఎబోలా వ్యాపించినప్పుడు శవాన్ని తాకినా జబ్బు అంటుకునేది. ఒళ్లంతా కప్పే సూట్లు వేసుకున్న బృందాలు వచ్చి, శవాన్ని సంచిలో పెట్టి తీసుకెళ్లిపోయేవి. కన్నతల్లికి కడసారి ప్రార్థన కూడా చేసుకోనివ్వకపోతే ఎవరు ఊరుకుంటారు? జబ్బును దాచారు, రహస్యంగా పూడ్చిపెట్టారు. ఆ ఏడాది నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి మార్చింది. కుటుంబాన్నీ మతపెద్దల్నీ కలుపుకుని, ప్రార్థనకు చోటిచ్చి, ప్రమాదం లేకుండా, గౌరవంగా ఖననం చేయాలని చెప్పింది. మతపెద్దలతో మాట్లాడి మరీ ఆ నియమాలు రాశారు.

ఇక ఈ పనిలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఉత్తుత్తి సంప్రదింపులు. అన్నీ తేల్చేసుకున్నాక, చివర్లో ఇద్దరు రోగుల్ని కూర్చోబెట్టి సంతకాలు తీసుకోవడం. షెర్రీ ఆర్న్‌స్టైన్ అనే అమెరికన్ 1969లోనే ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించారు. ఇలాంటి తతంగం ఉండేది కింది మెట్ల మీద. ఆవిడ రాసింది నగరాల ప్రణాళికల గురించే అయినా, మా మీటింగులకూ అచ్చంగా సరిపోతుంది. అందుకే కొత్తగా చేరేవాళ్లకు ముందు చిన్న విషయాలే చెబుతాను: మీటింగు వాళ్లకు వీలైన వేళలో పెట్టండి, దారి ఖర్చులు ఆ రోజే చేతికివ్వండి, వాళ్లు చెప్పినదాంట్లో ఏది తీసుకున్నారో, ఏది ఎందుకు తీసుకోలేదో మళ్లీ వెళ్లి చెప్పండి.

నేనూ ఆ ఫారం తిరగరాసి ఆవిడ దగ్గరికి వెళ్లాను. నీరసం గురించి నాలుగు ప్రశ్నలు చేర్చాను. పెన్ను ఇవ్వబోతే వద్దని, సంచిలోంచి తన పెన్ను తీశారు. పట్టు కుదిరేలా చుట్టూ గుడ్డ చుట్టి లావు చేసుకున్నారు. దాంతో నా నాలుగు ప్రశ్నల్లో ఒకదాన్ని కొట్టేసి, "ఇది రాత్రి సంగతి కాదు బాబూ, పొద్దుటి సంగతి అడుగు" అన్నారు.