బిడ్డకు మాటలు రాలేదా? తిరుపతి, చిత్తూరులో మన స్తోమతకు తగ్గ థెరపిస్టును ఎంచుకోవడం ఎలా

[తెరపై: బొరుగుల డబ్బా. మూత గట్టిగా బిగించి ఉంది. రెండున్నరేళ్ల పిల్లోడి చేతులు మూత తిప్పడానికి తంటాలు పడుతున్నాయి.]

ఈ డబ్బాతో స్పీచ్ థెరపీ చేయొచ్చు. ఎట్లాగో కాసేపట్లో చూద్దాం. ముందు లెక్క చూసుకుందాం.

సెషన్‌కు 500 రూపాయలు అనుకోండి. వారానికి మూడు రోజులంటే నెలకు పన్నెండు, పదమూడు సెషన్లు. 6,500 దాకా అవుతుంది. పాకాల నుంచో పుత్తూరు నుంచో తిరుపతికి వచ్చేవాళ్లకు, ఆ పూట అమ్మ పోగొట్టుకునే కూలి కూడా దీంట్లో కలపాలి. ఇన్ని లెక్కలేసి చేర్పించాక, లోపల 45 నిమిషాలు ఏం జరిగిందో ఇంట్లో ఎవరికీ తెలియకపోతే ఆ డబ్బు సగం నీళ్లలో పోసినట్టే. వారంలో బిడ్డ మెలకువగా ఉండే సమయం 80 గంటల పైనే. అందులో థెరపిస్టు దగ్గర గడిపేది రెండు గంటల చిల్లర. మిగతాదంతా మీ దగ్గరే. కాబట్టి డబ్బు పెట్టాల్సింది సెషన్ల సంఖ్య మీద కాదు. మీకు పని నేర్పే మనిషి మీద.

[తెరపై: "మొదట చెవి పరీక్ష"]

మాట ఆలస్యమైన బిడ్డకు అన్నిటికంటే ముందు వినికిడి పరీక్ష. "పిలిస్తే తిరుగుతాడు కదా, టీవీలో పాటొస్తే పరిగెత్తుకొస్తాడు కదా" అంటారు. శబ్దం వినబడటం వేరు, మాట తేటగా వినబడటం వేరు. స, ష లాంటి సన్నటి ధ్వనులు అందకపోయినా బిడ్డ పిలుపుకు తిరుగుతాడు. మాట రావడం మాత్రం ఆలస్యం కావచ్చు.

చిన్నపిల్లలకు చేసే బెరా అనే వినికిడి పరీక్ష నిద్రలో ఉండగానే చేస్తారు. ఇక్కడే చాలామంది ఒక పూట పోగొట్టుకుంటారు. బస్సు ఎక్కగానే బిడ్డ అమ్మ ఒళ్లో నిద్రపోతుంది, ఆస్పత్రికి చేరేసరికి హుషారుగా లేచి కూర్చుంటుంది. ఇంకేముంది, పరీక్ష మరో రోజుకు. ఆ రోజు పెందలాడే లేపండి, దారిలో పడుకోనివ్వకండి. నిద్రమందు ఇస్తామని చెప్పి ఉంటే, ఎన్ని గంటల ముందు నుంచి ఏమీ పెట్టకూడదో ముందే అడిగి తెలుసుకోండి. జలుబుతో చెవిలో నీరు చేరినా వినికిడి తగ్గుతుంది, దానికి ఈఎన్‌టీ డాక్టరు చూడాలి. వినికిడి లోపమే తేలితే, తిరుపతిలో టీటీడీ నడిపే శ్రవణం కేంద్రం ఉంది. అక్కడ పసిపిల్లలకు వినడం, మాట్లాడటం నేర్పుతారు.

ఇంక వయసు సంగతి. ఏడాదికి వేలు పెట్టి చూపించడం, బబ్బబ్బ అనడం లేకపోయినా, 16 నెలలకు ఒక్క మాట కూడా లేకపోయినా, రెండేళ్లకు "పాలు కావాలి", "అమ్మ రా" లాంటి రెండు పదాల మాటలు లేకపోయినా ఆగొద్దు. వచ్చిన మాటలు పోతే ఏ వయసులోనైనా వెంటనే చూపించాలి. "వాళ్ల నాయన కూడా నాలుగేళ్లకే మాట్లాడినాడు" అని అవ్వ చెప్పేది నిజమే కావచ్చు. పరీక్ష చేయించడానికి అది అడ్డం కాదు.

[తెరపై: తిరుపతి, చిత్తూరు జిల్లాల పటం]

పరీక్షలు, అసెస్‌మెంట్ (బిడ్డకు ఏ లోపం ఎంత ఉందో అంచనా వేయడం) ప్రభుత్వం వైపు నుంచి మొదలుపెట్టండి. ప్రైవేటులో అసెస్‌మెంట్‌కే పెద్ద మొత్తం పోతుంది. ఆర్‌బీఎస్‌కే అనే పథకం 2013 నుంచి ఉంది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను అంగన్‌వాడీల్లో, బడుల్లో పరీక్షించి, ఎదుగుదల లోపం ఉంటే డీఈఐసీ అనే జిల్లా కేంద్రానికి పంపుతారు. మీ ఆశా కార్యకర్తనో ఏఎన్‌ఎమ్మునో "డీఈఐసీకి రెఫరల్ కావాలి" అని పేరు పెట్టి అడగండి. ఊరికే "పిల్లల డాక్టరుకు చూపించాలి" అంటే జ్వరం సిరప్‌తో తిరిగి రావాల్సి వస్తుంది. తిరుపతిలో రుయా బోధనాసుపత్రి. పిల్లల విభాగం, ఈఎన్‌టీ, మానసిక విభాగం ఒకే ఆవరణలో ఉంటాయి.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. ఆస్పత్రిలో ఎక్కడైనా చూపించుకోవచ్చు కానీ, వికలాంగ సర్టిఫికెట్ లాంటి కాగితాలకు ఆధార్‌లో ఉన్న చిరునామానే చూస్తారు. పాత అడ్రసు ఉంటే ముందు దాన్ని మార్పించుకోండి.

చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ ఆస్పత్రి 35 కిలోమీటర్ల దూరమే. అక్కడ పిల్లల మానసిక విభాగంలో నంబిక్కై నిలయం అని ఉంది. బిడ్డతోపాటు తల్లిదండ్రులకు కూడా పని నేర్పే చోటు. కుప్పం వాళ్లకు ఊళ్లోనే పీఈఎస్ వైద్య కళాశాల, రైలెక్కితే బెంగళూరు నిమ్హాన్స్ ఆస్పత్రి. నగరి, సత్యవేడు వైపు వాళ్లకు చెన్నై దగ్గర ముట్టుకాడులో బహుళ వైకల్యాలున్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సంస్థ నీప్‌మెడ్ ఉంది. అయితే మాదొక మాట. అంత దూరం వారం వారం తిరగొద్దు, రెండు నెలల్లో ఇల్లంతా అలసిపోతుంది. అసెస్‌మెంట్, రాతపూర్వకమైన ప్లాన్ పెద్దచోట తీసుకోండి. వారం వారం థెరపీ దగ్గర్లో పెట్టుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్ల దగ్గర టికెట్‌కు డబ్బు తీసుకోరు కాబట్టి, జిల్లాలో తిరిగేటప్పుడు బిడ్డను అమ్మో అవ్వో తీసుకెళ్తే ఛార్జీ మిగులుతుంది. వేలూరు, చెన్నై లాంటి అంతర్రాష్ట్ర బస్సులకు అది వర్తించదు.

రిపోర్టులో ఐఎస్‌ఏఏ స్కోరు అని కనిపిస్తే బెదిరిపోవద్దు. మూడేళ్లు దాటిన పిల్లలకు 40 అంశాలతో వేసే మన దేశపు ఆటిజం కొలత అది. 70 లోపైతే ఆటిజం లేనట్టు. 70 నుంచి 106 స్వల్పం, 107 నుంచి 153 మధ్యస్థం, ఆ పైన తీవ్రం. తీవ్రత ఎంతో ఇది చెబుతుంది. రేపటి నుంచి ఏం చేయాలో చెప్పదు. అది థెరపిస్టును అడగాల్సిందే.

[తెరపై: బోర్డుల మీద రకరకాల డిగ్రీలు]

ఎవరి దగ్గరికి? మాట, మింగడం, నమలడం స్పీచ్ థెరపిస్టు పని. చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం, పెన్సిల్ పట్టు, శబ్దానికి చెవులు మూసుకోవడం, సంగటి ముద్ద చేతికి అంటితే ఏడవడం, ఇవి ఆక్యుపేషనల్ థెరపిస్టువి. నడక, కండరాల బిగువు ఫిజియో. చదువులో అక్షరాలు తారుమారైతే క్లినికల్ సైకాలజిస్టు పరీక్షించాలి, స్పెషల్ ఎడ్యుకేటర్ నేర్పాలి. భయాలు, మొండితనం, బడికి పోనని ఏడుపు అయితే క్లినికల్ సైకాలజిస్టో పిల్లల సైకియాట్రిస్టో. "చైల్డ్ కౌన్సెలర్" అని బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. ఆ మాటకు డిగ్రీ విలువ లేదు.

స్పీచ్ థెరపిస్టుకు, క్లినికల్ సైకాలజిస్టుకు, స్పెషల్ ఎడ్యుకేటర్‌కు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. దాన్ని సీఆర్‌ఆర్ నంబరు అంటారు. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడొచ్చు. ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి కాబట్టి నంబరుతో సరిపెట్టుకోక, గడువు తేదీ కూడా చూడండి. ఆక్యుపేషనల్ థెరపిస్టు సంగతి వేరు. వాళ్లు ఆ కౌన్సిల్ కిందికి రారు, 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టం కిందికి వస్తారు. వాళ్లను బీఓటీ డిగ్రీ అడగండి. గోడమీద పెద్ద మేడమ్ సర్టిఫికెట్ ఉంటుంది, బిడ్డతో కూర్చునేది నిన్న చేరిన ఇంటర్ పాసైన అమ్మాయి ఉంటుంది. ఎవరు కూర్చుంటారో వాళ్ల నంబరు అడగాలి.

భాష. మన జిల్లాల్లో ఇది చిన్న విషయం కాదు. చాలామంది థెరపిస్టులు చెన్నైలోనో వేలూరులోనో చదివొచ్చినవాళ్లు. తెలుగు ఇంటి బిడ్డకు ఆపిల్, బాల్, క్యాట్ కార్డులు చూపిస్తే, ఇంటికొచ్చాక ఆ మాట అనే సందర్భమే ఉండదు. మొదటి మాటలు బువ్వ, పాలు, రా, ఇయ్యి, వద్దు, అవ్వ. రోజుకు నూరుసార్లు అవసరపడేవి. నగరిలో అరవం మాట్లాడే ఇంటికి, పుంగనూరులో ఉర్దూ ఇంటికి ఆయా మాటలే. "ఇంట్లో ఇంగ్లీషులోనే మాట్లాడండి" అని ఒత్తిడి పెట్టే చోట రెండో సెషన్ అక్కర్లేదు.

[తెరపై: ఫోన్ సంభాషణ. ఒక తల్లి, సెంటరులో రిసెప్షన్.]

తల్లి: "మేడమ్, సెషన్‌లో నేను లోపల కూర్చోవచ్చా?"
రిసెప్షన్: "లేదమ్మా, మీరుంటే బాబు పని చేయడు. బయట సీసీటీవీలో చూడొచ్చు."
తల్లి: "మొదటి కొన్ని రోజులు సరే మేడమ్. తర్వాతైనా చివరి పది నిమిషాలు నాతో చేయిస్తారా? ఇంట్లో ఏం చేయాలో రాసిస్తారా?"

ఈ రెండో ప్రశ్నకు వచ్చే జవాబులోనే తేలిపోతుంది. అమ్మ ఉంటే మారాం చేసే పిల్లలు నిజంగానే ఉంటారు, అది సాకు కాకపోవచ్చు. కానీ నెల దాటినా తలుపు తెరవకపోతే వేరే చోటు చూసుకోండి. ఇంకో మూడు అడగండి. ఒక బిడ్డకు ఒక థెరపిస్టేనా, గుంపుగానా? రాకపోతే డబ్బు పోతుందా? నెలనెలా కట్టొచ్చా, ఆరు నెలల ప్యాకేజీయేనా? ప్యాకేజీ ముందే కట్టించుకునే చోట, నచ్చకపోయినా బయటికి రాలేరు. "గ్యారంటీగా మాటలు తెప్పిస్తాం" అన్నవాళ్లకు, ఆటిజానికి స్టెమ్‌సెల్ ఇంజెక్షన్లు చెప్పేవాళ్లకు దండం పెట్టి రండి.

[తెరపై: మళ్లీ బొరుగుల డబ్బా. ఈసారి నెమ్మదిగా.]

ఇప్పుడు డబ్బా. మంచి థెరపిస్టు మీకు నేర్పేది ఇలా ఉంటుంది. పారదర్శకంగా ఉండే డబ్బా, బిడ్డ విప్పలేని మూత. లోపల వాడికి ఇష్టమైనవి. మీరు వాడి ఎదురుగా, కళ్ల ఎత్తుకు నేలమీద కూర్చుంటారు. వాడు డబ్బా మీ చేతికిస్తాడు. మీరు విప్పరు. పట్టుకుని, ముఖం చూస్తూ, మనసులో పది లెక్కపెడతారు. వాడు మీవైపు చూస్తే చాలు, ఆ చూపే అడగడం. మీరు "ఇయ్యి" అని ఒక్కసారి తేటగా అని, మూత తీసి నాలుగు బొరుగులే ఇస్తారు. నాలుగే. గుప్పెడు ఇస్తే మళ్లీ అడిగే పని ఉండదు. కొన్ని రోజులకు చూపు చాలదు, చేయి చాపాలి. ఆ తర్వాత "ఇ" అనే శబ్దం. ఒక కూర్చోవడంలో పది పదిహేనుసార్లు, రోజుకు మూడు నాలుగు పూటలు.

ఇది ఎక్కడ చెడుతుంది? మూడు అంకె దాటకముందే అమ్మ కరిగిపోయి ఇచ్చేస్తుంది. లేదా "చెప్పు నాన్నా, ఇయ్యి అను, ఇయ్యి అను" అని పదిసార్లు పోరుతుంది. అప్పుడు వాడు డబ్బా వదిలేసి వెళ్లిపోతాడు. లేదా పక్కగదిలో అవ్వ దగ్గర అడక్కుండానే దొరుకుతుంది, ఇంక మన దగ్గర ఎందుకు అడుగుతాడు? అవ్వను కూడా ఒక సెషన్‌కు తీసుకెళ్లండి. ఏడుపు మొదలైతే ఇచ్చేయండి, మళ్లీసారి తక్కువ ఆగండి. ఇది పంతం కాదు.

ఇలాంటివి వారానికి ఒకటో రెండో రాసిచ్చే మనిషి దొరికితే, వారానికి మూడు సెషన్లు అక్కర్లేదు. "వారానికి ఒక్కటే రాగలం, ఇంట్లో చేస్తాం" అని సిగ్గుపడకుండా చెప్పండి. డబ్బా ఆట లాంటివి ఒకసారి చేతితో నేర్చుకున్నాక, మధ్యలో కొన్ని సెషన్లు వీడియో కాల్‌లో నడుపుకోవచ్చు. బడి వయసు పిల్లలకు మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం ఉంటుంది, సమగ్ర శిక్ష కింద ఉచితం, ఫిజియో కూడా వస్తారు. మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసులో అడిగితే చెబుతారు.

[తెరపై: ఒక నోట్‌బుక్ పేజీ]

పన్నెండు వారాలు చూడండి. మొదటి రోజే థెరపిస్టుతో రెండు లక్ష్యాలు రాయించుకోండి. "కమ్యూనికేషన్ మెరుగుపడాలి" కాదు. "రోజుకు ఐదుసార్లు తనంతట తాను చేయి చాపి అడగాలి" అని, లెక్కపెట్టగలిగేలా. నెలకోసారి రెండు నిమిషాల వీడియో, అదే చోట, అదే డబ్బాతో. మూడు వీడియోలు పక్కపక్కన పెడితే మార్పు ఉందో లేదో ఎవరూ చెప్పక్కర్లేదు. బిడ్డ సెంటరు ఉన్న వీధి మలుపు చూడగానే ప్రతిసారీ ఏడుస్తున్నా, ఒంటిమీద గిచ్చిన గుర్తులు కనబడినా పన్నెండు వారాలు ఆగాల్సిన పని లేదు. ఆ రోజే మానిపించి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. మీకే నీరసం వచ్చి, ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

[తెరపై: కాగితాల ఫైలు]

చివరగా కాగితాలు. సచివాలయంలోనో మీసేవలోనో సదరం (వికలాంగ సర్టిఫికెట్ కోసం చేసే పరీక్ష) స్లాటు పెట్టించండి. వైకల్యం 40 శాతం గానీ ఆపైన గానీ ఉంటే పథకాలు అందుతాయి. చిన్నపిల్లలకు తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు, గడువు తేదీ ఫోన్‌లో అలారం పెట్టుకోండి. పింఛను అర్హత ఉంటే నెలకు 6,000, థెరపీకి అదే పెద్ద ఆసరా. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలకు నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా ఉంది, ఏడాదికి లక్ష దాకా. దాంట్లో థెరపీ ఖర్చులకు కూడా కొంత పరిమితి ఉంది. బిల్లు మీద థెరపిస్టు రిజిస్ట్రేషన్ నంబరు, సెషన్ తేదీలు ఉండేలా మొదటి నెల నుంచే అడగండి. తర్వాత తిరిగి రాయించుకోవడం కష్టం. ఆదాయపు పన్ను పాత పద్ధతిలో కట్టేవాళ్లకు, వైకల్యం ఉన్న బిడ్డను పోషిస్తున్నందుకు 75,000, తీవ్ర వైకల్యమైతే 1,25,000 మినహాయింపు.

థెరపిస్టును మార్చాల్సి వస్తే గొడవ పడొద్దు. అప్పటిదాకా పెట్టుకున్న లక్ష్యాలు, ఎంతవరకు వచ్చిందీ ఒక పేజీలో రాసివ్వమని అడిగి తీసుకోండి. అది లేకుండా వెళ్తే, కొత్తచోట మళ్లీ ఆపిల్, బాల్ దగ్గరే మొదలుపెడతారు.