తలకట్టు చెరిపి గుడి పెట్టండి

శ్రోతలకు నమస్కారం.

మీ ఇంట్లో ఒకటో తరగతి పాప ఉంటే ఇవాళ ఓ చిన్న పని చేయండి. క గుణింతం చెప్పమనండి. క, కా, కి, కీ అంటూ గడగడా చెప్పేస్తుంది. ఇప్పుడు పలక మీద ఒక్క ‘కె’ రాసి, ఇదేమిటమ్మా అని అడగండి. చాలామంది పిల్లలు మళ్లీ క దగ్గర మొదలుపెట్టి, వేళ్లు మడుచుకుంటూ కె దాకా నడిచి వస్తారు. పాట వచ్చింది, అక్షరం రాలేదన్నమాట.

ధ్వనుల ద్వారా చదవడం నేర్పే పద్ధతిని ఇంగ్లిషు బళ్లలో ఫోనిక్స్ అంటున్నారు. ఇంగ్లిషులో ఒకే అక్షరం నాలుగు రకాలుగా పలుకుతుంది, అక్కడ అది పెద్ద తతంగం. తెలుగులో దాదాపు రాసినట్టే పలుకుతాం. అయినా మనం ఇంగ్లిషు ఫోనిక్స్‌కి ఫీజు కట్టి, తెలుగుకి మాత్రం గోడకో ఛార్టు తగిలించి ఊరుకుంటాం. ఆ ఛార్టులో మొదటి మాట అమ్మ. అందులో వత్తుంది. తర్వాత ఆవు, దానికి కొమ్ముంది. ఇల్లుకైతే వత్తూ కొమ్మూ రెండూను. పాప వాటిని చదవడం లేదు, బొమ్మ చూసి చెబుతోంది.

కాబట్టి 56 అక్షరాలూ కాసేపు పక్కన పెట్టండి. మూడు చాలు. ప, ల, క.

ముందు చెవితో మొదలుపెడదాం. రాత వద్దు, పుస్తకం వద్దు. పలక అంటూ మూడు చప్పట్లు. ఈగ, రెండు చప్పట్లు. ఎలుక, మూడు. మాటలో ముక్కలుంటాయని రెండు మూడు రోజుల్లో చెవికి అందుతుంది. అప్పుడు పాత శుభలేఖలు కత్తిరించి, ఒక్కో ముక్క మీద ఒక్కో అక్షరం పెద్దగా రాయండి. ప, ల, క వరసగా పెట్టండి. ఇక్కడో తప్పు జరుగుతుంది. పాప ప... ల... క... అని విడివిడిగా చదివి, చివరికి ‘కలప’ అంటుంది! మూడోది పలికేసరికి మొదటిది జారిపోయింది మరి. అందుకని ముందు రెండే కలపండి. పల. మళ్లీ పల. ఆ తర్వాతే క. పలక. ఇక ఆ ముక్కల్నే తిప్పి పెట్టి నిజంగానే కలప చదివించండి. రెండు ముక్కలతో కల.

ఇప్పుడు పలకా బలపం తీయండి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆట ఇదే. ‘పలక’ అని పెద్దగా రాయండి. పాప చేత చదివించండి. తర్వాత ప నెత్తిన ఉన్న తలకట్టుని పాప చేతే, వేలితో చెరిపించండి. ఆ చోట గుడి పెట్టించండి. ‘అ’ పోయింది, ‘ఇ’ వచ్చింది. చదవమనండి. పి... పిల... పిలక! నవ్వుతుంది. గుడి చెరిపి తలకట్టు పెడితే మళ్లీ పలక. నాలుగైదు సార్లు అటూ ఇటూ మార్చనివ్వండి. ‘ప కి గుడిస్తే పి’ అని మాత్రం అనిపించకండి. అంత పొడుగు మంత్రం ఒక్కో అక్షరానికీ చదివితే, మాట చివరికి వచ్చేసరికి మొదలు గుర్తుండదు. చూడగానే పి. అంతే.

ఎందుకింత పట్టుదల అంటారా? 35 హల్లులకి పన్నెండేసి రూపాలు వేసుకుంటే 420. పాటగా నేర్చుకుంటే 420 బరువులు. గుర్తుగా నేర్చుకుంటే, గుడి ఒకసారి వస్తే కి, లి, పి అన్నీ వచ్చినట్టే.

వారం తర్వాత కొమ్ము. పలుకు, పిలుపు. ఇక్కడ కొంచెం జాగ్రత్త. గుడి పెడితే తలకట్టు పోతుంది, కొమ్ము పెడితే పోదు. తలకట్టు కనబడుతోంది కదా అని కొందరు పిల్లలు ‘కఉ’ అని చదువుతారు. తప్పు వాళ్లది కాదు, రాత తీరే అంత. ఇక పు లో కొమ్ము కాస్త కిందికి దిగి ఉంటుంది, అది విడిగా చూపించండి. వ కి కూడా అంతే. దానికి మామూలు కొమ్ము పెట్టి చూడండి, మ అయి కూర్చుంటుంది. అన్నట్టు, ప నేర్పిన వారంలో వ, ష, ఫ అక్షరాల జోలికి పోకండి. చూపుకి అన్నీ ఒకటిగానే ఉంటాయి.

రోజుకి పదిహేను నిమిషాలు చాలు. చివరి ఐదు నిమిషాలూ ఉక్తలేఖనం, నాలుగే మాటలు. చూచిరాత పదిసార్లు రాయిస్తే చెయ్యి నొప్పి పుడుతుంది, చెవికి పనుండదు. మాట ఒకసారి మీరు చెప్పండి. పాప చప్పట్లు కొట్టి, ఒక్కో ముక్క పైకి పలుకుతూ రాయాలి. పిలక అంటే పలక అని రాసిందా? ఇంటూ కొట్టకండి. ‘రాసింది చదువు’ అనండి. పలక అని చదువుతుంది. ఒక్క క్షణం ఆగుతుంది. తనే వేలు పెట్టి తలకట్టు చెరుపుతుంది.