సైలెన్సర్ పెట్టాక మిగిలే చప్పుళ్ళు

(విశాఖపట్నంలో గేమ్ డిజైన్, సౌండ్ నేర్చుకుంటున్న విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీద రెండు గోలీసోడాలు ఎందుకున్నాయని ముందు వరసలో ఇందాకటి నుంచీ గుసగుసలు వినబడుతున్నాయి. దాహం వేసి కాదు. పూర్ణా మార్కెట్ దగ్గర కొని, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. మొదటిది కొడుతున్నాను, వినండి.

విన్నారుగా, వెనక వరసలో బాబు ఉలిక్కిపడ్డాడు కూడా. ఇప్పుడు రెండోది. దీన్ని కొట్టను. గోలీని బొటనవేలుతో కొద్దికొద్దిగా నొక్కి, పక్కసందులోంచి గ్యాసు జారనిస్తాను. స్స్‌స్... అంతే. సీసా అలాంటిదే, గ్యాసూ అంతే ఉంది. బయటపడటానికి ఎక్కువ టైమ్ తీసుకుంది, చప్పుడు చచ్చిపోయింది. తుపాకి సైలెన్సర్ చేసే పని మొత్తం ఇదే. గొట్టం మూతికి ఇంకో గొట్టం బిగిస్తారు, దాని లోపల గదులుగదులుగా అడ్డాలుంటాయి. మందు పేలి పుట్టిన వేడి గ్యాసు ఆ గదుల్లో తిరిగి, చల్లారి, నీరసపడి బయటికొస్తుంది.

మనకి సైలెన్సరంటే బండిదే. సాయంత్రం బీచ్ రోడ్డులో సైలెన్సర్ మార్పించిన బుల్లెట్ బండ్ల మోత ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఈ రెండు సైలెన్సర్లకీ చుట్టరికం ఉంది. 1909లో తుపాకి సైలెన్సర్‌కి అమెరికాలో పేటెంట్ తీసుకున్న హైరమ్ పెర్సీ మాక్సిమ్, కార్ల ఇంజిన్ల చప్పుడు తగ్గించే సాధనాలూ చేశాడు. ఈయన తండ్రి ఎవరనుకున్నారు? మాక్సిమ్ మెషిన్‌గన్ కనిపెట్టినాయన. తండ్రి లోకాన్ని మోతెక్కించాడు, కొడుకేమో నోరు మూయించే పనిలో పడ్డాడు.

సరే, గేమ్‌లోకి వద్దాం. గేమ్‌లో సైలెన్సర్ బిగించిన పిస్తోలు పేలిస్తే ‘ప్యూట్’ అంటుంది. తలుపవతల కాపలావాడు తల కూడా తిప్పడు. అసలు లెక్కేమిటంటే, మామూలు 9 ఎం.ఎం. పిస్తోలు చప్పుడు మూతి దగ్గర 160 డెసిబెల్స్ (చప్పుడు కొలిచే లెక్క) దాకా ఉంటుంది. మంచి సైలెన్సర్ పెడితే 125, 130 దగ్గరికి దిగుతుంది. ఇది చిన్న తగ్గుదల కాదు. డెసిబెల్ లెక్కలో 30 తగ్గిందంటే శక్తి వెయ్యో వంతుకి పడిపోయినట్టు. చెవికి ఒక్క దెబ్బతో హాని చేసే హద్దుని 140గా పెట్టుకుంటారు, దాని కిందికి దిగింది. అందుకే ఫిన్లాండ్, నార్వేల్లో వేటగాళ్ళు సైలెన్సర్‌ని చెవులు కాపాడుకునే వస్తువులాగే చూస్తారు. కానీ 130 అంటే ప్యూట్ కాదు నాయనా! చప్పుడు ఉండేది రెప్పపాటులో వందో వంతు కాబట్టి చెవికి ఆ అంకె అంత భయంకరంగా తోచదు, నిజమే. అయినా పక్కగదిలో మనిషి నిద్రలేస్తాడు.

ఇంతవరకూ చాలామందికి తెలిసిన సంగతే. యూట్యూబ్‌లో వందమంది చెప్పేశారు. నేను చెప్పదలుచుకున్నది దీని తరవాతది.

తుపాకి పేలితే ఒక చప్పుడు రాదు. కనీసం నాలుగొస్తాయి. మూతి దగ్గర గ్యాసు పేలుడు ఒకటి. గాలిని చీల్చుకుపోయే తూటా చేసే ఛెళ్ళుమనే చప్పుడు రెండోది. ఇనప సామాను వెనక్కీ ముందుకీ కొట్టుకునే టకటక మూడోది. తూటా వెళ్ళి గోడకో మనిషికో తగిలే చప్పుడు నాలుగోది. సైలెన్సర్ చెయ్యి వేయగలిగేది మొదటిదాని మీదే. మిగతా మూడూ దాని చేతిలో లేవు.

రెండోదాని సంగతి కొంచెం నిదానంగా చూద్దాం. 30 డిగ్రీల వేడిలో, అంటే మన ఊరి మామూలు రోజున, ధ్వని వేగం సెకనుకి సుమారు 349 మీటర్లు. ఎం4 లాంటి రైఫిల్ తూటా సెకనుకి 850 మీటర్లు దాటి పోతుంది. ధ్వనిని దాటి పోయేది ఏదైనా దారి పొడుగునా కొరడా ఝుళిపించినట్టు ఛెళ్ళుమంటూనే పోతుంది. కాబట్టి కౌంటర్ స్ట్రైక్ గేమ్‌లో మీకందరికీ ఇష్టమైన, సైలెన్సర్ బిగించిన ఆ ఎం4ఏ1-ఎస్ రైఫిల్ నిజంగా పేలిస్తే, తూటా ఎవరి చెవి పక్కనుంచి వెళ్తుందో వాడికి ఛెళ్ళున వినబడి తీరాలి. దాన్ని తప్పించాలంటే తూటాని బరువుగా, నెమ్మదిగా చెయ్యాలి. 9 ఎం.ఎం.లో అలాంటి తూటాలు సెకనుకి 300 మీటర్ల దగ్గర పోతాయి. జర్మన్ల ఎంపీ5ఎస్‌డీ అనే సబ్‌మెషిన్‌గన్ ఇంకో దారి పట్టింది. గొట్టానికి చిల్లులు పెట్టి, కొంత గ్యాసు ముందే వదిలేసి, మామూలు తూటానే నెమ్మదింపజేస్తుంది.

మూడోదాన్ని కూడా చంపాలని పంతం పట్టినవాళ్ళు రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్‌వాళ్ళు. వాళ్ళ వెల్‌రాడ్ పిస్తోలుకి తనంతట తాను కదిలే సామాను లేనేలేదు. ఒక్కో గుండుకీ చేత్తో తిప్పి లాగి మళ్ళీ నింపుకోవాలి. లోపల రబ్బరు బిళ్ళలు. తూటా వాటిని చీల్చుకుంటూ పోతుంది, కొన్ని గుండ్లకే అవి అరిగిపోతాయి. ఇక్కడో తమాషా ఉంది. 2004లో వచ్చిన మెటల్ గేర్ సాలిడ్ 3లో సైలెన్సర్ వాడేకొద్దీ అరిగిపోతుంది. అప్పట్లో మేమంతా ‘ఇనప గొట్టం అరగడమేమిట్రా’ అని నవ్వుకున్నాం. ఆ గేమ్ నడిచే 1964 కాలానికి ఆ రబ్బరు బిళ్ళల సంగతి గుర్తు చేసుకుంటే నవ్వడానికేం లేదు.

రివాల్వర్‌కి సైలెన్సర్ పెట్టే గేమ్‌ల గురించి మాత్రం ఒక్క మాటే. గుండ్లు తిరిగే డబ్బాకీ గొట్టానికీ మధ్య సందుంటుంది, గ్యాసు కొంత అక్కడే కక్కేస్తుంది. మూతికి ఏం బిగిస్తే ఏం లాభం, పక్కనుంచి పగిలిన కుండకి మూత పెట్టినట్టు. రష్యా నాగాంత్ రివాల్వర్ ఒక్కటి వేరు, అందులో డబ్బా ముందుకి జరిగి ఆ సందు మూసేస్తుంది.

ఇంకో అబద్ధం, సైలెన్సర్ పెడితే దెబ్బ బలం తగ్గుతుందని. చాలా గేమ్‌లు ఇలాగే లెక్క వేస్తాయి. నిజానికి మూతికి బిగించే మామూలు సైలెన్సర్‌తో తూటా వేగం తగ్గదు, ఒక్కోసారి వీసమెత్తు పెరుగుతుంది కూడా. నేను దీన్ని తప్పుపట్టను. ఊరికే లాభమిచ్చే వస్తువుని గేమ్‌లో పెడితే అందరూ అదే బిగించుకుంటారు, ఆట చచ్చిపోతుంది. కాకపోతే అసలైన నష్టాలు చాలా ఉన్నాయి, వాటిని వాడుకోవచ్చుగా! తుపాకి పొడుగవుతుంది, మూతి బరువెక్కుతుంది, గ్యాసు వెనక్కి తన్ని కాల్చేవాడి కళ్ళు మండిస్తుంది. పది గుండ్లు వరసగా కాలిస్తే గొట్టం మీంచి వేడి గాలి లేచి గురి వణుకుతుంది. ఎంత చక్కటి ఆట ఉంది అందులో!

ఇప్పుడు నా అసలు మాట. నిజం సైలెన్సర్ తుపాకి పేలిందన్న సంగతి దాచడం తక్కువ, ఎక్కడ పేలిందన్నది దాచడం ఎక్కువ. డిసెంబర్ 4న నేవీ డే విన్యాసాలు బీచ్‌లో చూశారుగా. సముద్రం మీద మెరుపు ముందు కనబడుతుంది, చప్పుడు తరవాతొస్తుంది. కిలోమీటరుకి సుమారు మూడు సెకన్లు. వెంటనే ఆ మోత వెనక కొండలకీ భవంతులకీ తగిలి తిరిగొస్తుంది. కళ్ళు మూసుకుని ఓడ ఎటుందో చూపించమంటే సగంమంది తప్పే చూపిస్తాం. సైలెన్సర్ పెట్టిన రైఫిల్‌తో జరిగేది ఇంచుమించు ఇదే. మూతి చప్పుడు దూరంలో కలిసిపోతుంది. తూటా ఛెళ్ళుమన్నది మాత్రం దాని దారి పక్కనున్న వాడికి వినబడుతుంది, అదీ కాల్చినవాడి దిక్కునుంచి కాదు, తూటా పోయిన దారిలో ఎక్కడినుంచో వచ్చినట్టు. వాడు తల తిప్పుతాడు. తప్పు వైపుకి.

అందుకే, కాల్ ఆఫ్ డ్యూటీ లాంటి గేమ్‌లలో సైలెన్సర్ పెడితే మ్యాప్ మీద ఎర్రచుక్క పడదు చూడండి, చిన్నపిల్లల రూలులా కనబడే ఆ ఎర్రచుక్కే ఆ ప్యూట్ చప్పుడుకన్నా నిజానికి దగ్గర. పబ్జీలోనూ అంతే. తూటా పక్కనుంచి పోయిన చప్పుడు వినబడుతుంది, కొట్టినవాడెవడో తెలీక గడ్డిలో పడుకుంటాం.

నా స్వానుభవం చెప్పి ముగిస్తాను. కొన్నేళ్ళ క్రితం ఒక స్టూడియోకి, పేరు వద్దులెండి, సైలెన్సర్ రైఫిల్ చప్పుడు చేసిచ్చాను. ప్యూట్ కోసం సైకిల్ పంపు, తడి తువ్వాలు. ఇనప టకటకకి మా నాన్నగారి పాత స్టేప్లరు. దానిమీద ఛెళ్ళు పెట్టాను, బట్టలు దండెం మీద విదిలిస్తే వచ్చేది. నాకు ముచ్చటేసింది. ఆడి చూడ్డానికి వచ్చిన కుర్రాడు మా శ్రీకాకుళం వైపువాడే, రెండు రౌండ్లు ఆడి హెడ్‌ఫోన్స్ తీసేసి, ‘ఏటన్నా, సైలెన్సర్ పాడైపోనాదేటి?’ అన్నాడు. మర్నాడు ఛెళ్ళు తీసేయమని ఆర్డరొచ్చింది. వాదించాను, ఓడిపోయాను. కుర్రాడి తప్పేం లేదు. పాతికేళ్ళుగా గేమ్‌లు, సినిమాలు కలిసి వాడి చెవికి నేర్పిన భాష అది.

ఈసారి మా సొంత గేమ్‌లో ఇంకోలా చేశాం. కాల్చేవాడికి ప్యూటే వినిపిస్తాం, వాడి సరదా వాడిది. ఛెళ్ళు మాత్రం తూటా పోయిన దారిలో అవతలివాళ్ళకి వినబడుతుంది, వాళ్ళు ఆ వైపే పరిగెడతారు. మూడు నిమిషాల డెమో ఉంది. బాబూ, ఆ ఫ్యాన్లు కాసేపు ఆపు. వెనక వరసల వాళ్ళు ముందుకి జరగండి, స్పీకర్లు రెండే ఉన్నాయి.