రియాలిటీ షో ఇంట్లో జాంబీలు: షార్ట్ ఫిల్మ్ ఎలా తీయాలి

నమస్తే అండి. జాంబీ షార్ట్ ఫిల్మ్ అనగానే అందరూ ముందు రక్తం కలపడం మొదలుపెడతారు. మనం ఇవాళ కెమెరా ఎక్కడ పెట్టాలో చూసి, ఆ తర్వాత రక్తం సంగతి చూద్దాం. ఎందుకంటే ఈ తరహా కథకి ప్రాణం అక్కడే ఉంది.

2008 అక్టోబర్ 27 నుంచి 31 దాకా, వరసగా ఐదు రాత్రులు, బ్రిటన్‌లో ఈ4 ఛానెల్‌లో 'డెడ్ సెట్' అనే జాంబీ సిరీస్ వచ్చింది. రాసింది చార్లీ బ్రూకర్, డైరెక్షన్ యాన్ డెమాంజ్. బిగ్ బ్రదర్‌లో ఎలిమినేషన్ రాత్రి. బయట దేశమంతా జాంబీల పాలవుతుంటే, ఇంట్లో ఉన్నవాళ్ళకి మాత్రం ఏమీ తెలీదు. ఆ షో అసలు యాంకర్ డవీనా మెకాల్ తన పాత్రలో తానే నటించి, జాంబీగా మారిపోతుంది! మన బిగ్ బాస్ కూడా అదే ఫార్మాట్ కాబట్టి, కన్ఫెషన్ రూమ్ అంటే ఏంటో తెలుగువాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇలాంటి కథలో వ్యంగ్యం పంచ్ డైలాగుల్లోంచి రాదు. మనుషులు చచ్చిపోతున్నా షో పద్ధతి మారకపోవడంలోంచి వస్తుంది. అందుకే మొదటి రెండు నిమిషాలు జాంబీని చూపించకండి. నిజం షోలాగే నడపండి: వంటగదిలో గుడ్ల కోసం గొడవ, నామినేషన్లు, అలకలు.

ఇక కెమెరా. మూడు ఫోన్లు చాలు. రెండిటిని గది మూలల్లో, నేల నుంచి ఎనిమిది అడుగుల ఎత్తున, కిందికి వంచి బిగించండి. వైడ్ లెన్స్ పెట్టండి. ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. లాక్ చేయకపోతే మనిషి అటూ ఇటూ తిరిగినప్పుడల్లా వెలుగు ఎగుడుదిగుడవుతుంది, సీసీటీవీ అన్న భ్రమ పోతుంది. ఈ రెండు ఫోన్లూ సినిమా అయిపోయేదాకా కదలకూడదు. ఫ్రేమ్ చివర్లో ఒకర్ని కొరికేస్తున్నా సరే, అటు తిప్పకండి. మూడోది చేత్తో పట్టుకునేది. అది మాత్రం ఇల్లు దాటిన సీన్లకే వాడండి.

(స్క్రీన్ మీద గిన్నె క్లోజప్)

ఇప్పుడు రక్తం. బేకరీ సామాన్ల షాపులో లిక్విడ్ గ్లూకోజ్ అడగండి. 200 మిల్లీలీటర్లకి 50 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్ళు పోసి కలపండి. ఒక టీస్పూన్ ఎర్ర ఫుడ్ కలర్, రెండు చుక్కల నీలం వేయండి. అర టీస్పూన్ కోకో పౌడర్‌ని విడిగా కొంచెం నీళ్ళలో చిక్కగా కలిపి, అప్పుడు పోయండి. నేరుగా చల్లితే ఉండలు కడుతుంది. ఇదిగో, స్పూన్ ఎత్తితే తేనెలా సాగి, అంచుల దగ్గర కాస్త గోధుమ రంగు కనపడాలి. కంటికి బాగుందని ఆగిపోకండి, ఫోన్‌లో తీసి చూడండి. గులాబీ రంగు కొడుతుంటే ఇంకొంచెం కోకో పడాలి. ఈ రంగు బట్టలకి అంటితే పోవడం కష్టం కాబట్టి పాత బట్టలే వాడండి. తీపి పదార్థం కదా, షాట్ అవ్వగానే నేల తుడవండి, లేదంటే చీమలు బారులు తీరతాయి.

గాయానికి లిక్విడ్ లేటెక్స్, అంటే ఆరాక చర్మంలా సాగే రబ్బరు ద్రవం, కావాలి. కొందరికి అది పడదు. ముందు రోజే మోచేతి మడతలో చుక్క రాసి, దురద గానీ దద్దుర్లు గానీ వస్తే మానేయండి. కళ్ళ దగ్గర రాయొద్దు. వెంట్రుకలున్న చోట ముందు వాసెలిన్ పూయండి, లేకపోతే పీకేటప్పుడు వెంట్రుకలు ఊడొస్తాయి. పొరల మధ్య వేసే టిష్యూ పేపర్‌ని కత్తెరతో కాకుండా చేత్తోనే చింపండి. కత్తిరించిన అంచు గీతలా కనపడుతుంది, చింపిన అంచు చర్మంలో కలిసిపోతుంది. ఒక పొర లేటెక్స్, ఒక పొర టిష్యూ, అలా మూడుసార్లు. ప్రతి పొరా పూర్తిగా ఆరాకే తర్వాతది. తొందరపడితే పైది ఎండి, లోపలిది పచ్చిగా ఉండి, మొత్తం ఊడి చేతికొస్తుంది. ఆరాక మధ్యలో చీల్చి, గుంటలో ముదురు మెరూన్ పూసి, చివర్లో రక్తం వేయండి.

డెడ్ సెట్‌లో జాంబీలు పరిగెత్తుతాయి. ఆ పరుగు గుండె అదిరేలా ఉండాలంటే షట్టర్ స్పీడ్ 1/200 పెట్టండి, అంటే ఒక్కో ఫ్రేమ్‌కి సెకనులో రెండొందలో వంతు సేపే వెలుగు పడుతుంది; కదలిక ముక్కలు ముక్కలుగా, కరుకుగా వస్తుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే మామూలు లైట్లు సెకనుకి వందసార్లు మినుకుమంటాయి. 1/50, 1/100 దగ్గర ఇబ్బంది ఉండదు, 1/200 పెడితే ఫ్రేమ్‌లో నల్ల పట్టీలు పాకుతాయి. కాబట్టి పరుగు సీన్లు పగటి వెలుగులో తీయండి. రాత్రి ట్యూబ్‌లైట్ కిందే తీయాల్సి వస్తే 1/100 దాటొద్దు.

చివరిగా షో గొంతు. ఒకే మనిషితో, ఒకే సిట్టింగ్‌లో, ఒకే స్థాయిలో రికార్డ్ చేయండి. భయం వద్దు, కోపం వద్దు. మెడ మీద కాటు పడి, రక్తం కారుతూ సోఫాలో కూలిపోయిన హౌస్‌మేట్‌కి పైనుంచి వినపడాల్సిన మాట ఒక్కటే: "దయచేసి మీ మైక్ సరిగ్గా ధరించండి." ఆ తర్వాత మ్యూజిక్ వేయకండి. మూలలో ఉన్న కెమెరా షాట్‌ని పది సెకన్లు అలాగే ఉంచి, కట్ చేయండి.