నిజాం అష్రఫీ, బొంబాయి సవరను, పదిహేను రూపాయల మొహరు, బ్యాంకు నాణెం: సేకరణకు ఏది విలువైనది?

వీక్షకులందరికీ నమస్కారం. మహబూబ్‌నగర్‌లో మా ఇంటి కిటికీ పక్కన వేసుకున్న ఈ బల్ల మీద ఇవాళ నాలుగు బంగారు నాణేలు పెట్టాను. వీటిలో రెండు మా ఇంటివి. మిగిలిన రెండింటిని నల్లగొండలో ఉండే ఒక మిత్రుడు, ఎన్నో ఏళ్ళుగా నాణేలు సేకరిస్తున్నవాడు, ఈ వీడియో కోసం నమ్మి ఇచ్చాడు. ఏ నాణెంలో ఎంత బంగారం ఉందో ఏ దుకాణంలోనైనా తూచి నిమిషంలో చెప్పేస్తారు. సేకరించేవారు బంగారం ధరకు మించి ఏ నాణేనికి డబ్బు పెడతారో, ఎందుకు పెడతారో మాత్రం త్రాసు చెప్పదు.

మొదట బ్యాంకులో కొన్న నాణెం చూద్దాం. ఇది 10 గ్రాములు, 24 క్యారెట్లు, 999 వన్నె, ప్లాస్టిక్ కార్డులో సీలు వేసి ఉంది. బల్ల మీద ఉన్న అన్నింటిలోనూ మేలిమి బంగారం ఇదే. ఆపదకో, ఆడపిల్ల పెళ్ళికో దాచుకోవడానికి మంచిదే. అయితే ఇలాంటివి కొనేవారు ఉన్నన్నాళ్ళూ అచ్చు వేస్తూనే ఉంటారు కనుక, ఆనాటి బంగారం రేటు తప్ప దీనికి వేరే విలువ రాదు.

ఇప్పుడు ఈ రెండూ చూడండి. రెండూ 1918లో బొంబాయి టంకశాలలో తయారైనవి. మొదటిది సవరను, అంటే బ్రిటిష్ వారి బంగారు పౌను, రెండోది పదిహేను రూపాయల మొహరు. తూకం రెండింటిదీ 7.98 గ్రాములే, వన్నె కూడా ఒకటే, 22 క్యారెట్లు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా రూపాయలు ముద్రించడానికి చాలినంత వెండి దొరకని పరిస్థితి వచ్చింది. అప్పుడు పౌనుకు పదిహేను రూపాయల లెక్కన ప్రభుత్వం ఈ బంగారు నాణేలను తీసుకువచ్చింది. సవరను మీద గుర్రం కాళ్ళ కింద, నేలలాగా కనిపించే భాగంలో, సంవత్సరానికి సరిగ్గా పైన ‘ఐ’ అనే చిన్న ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. అది బొంబాయి గుర్తు. బొంబాయి టంకశాలలో సవరన్లు ఆ ఒక్క సంవత్సరమే ముద్రించారు, దాదాపు 13 లక్షలు. మొహరులు 21 లక్షలకు పైగా వచ్చాయి.

లెక్క ప్రకారం చూస్తే తక్కువగా ముద్రించిన సవరనుకే ఎక్కువ ధర పలకాలి. కానీ మన దేశంలో సేకరించేవారు వెతుక్కునేది మొహరునే. సవరన్లు లండన్‌లో, ఆస్ట్రేలియాలో, దక్షిణాఫ్రికాలో కూడా ముద్రించినవి లెక్కకు మించి ఉన్నాయి. బొంబాయి గుర్తు కోసం ప్రత్యేకంగా వెతికేవారు కొద్దిమందే. మొహరు మీద మాత్రం మన వెండి రూపాయి మీద ఉన్నట్టే కిరీటం పెట్టుకున్న ఐదో జార్జి, వెనుకవైపు పదిహేను రూపాయలు అన్న మాట ఉంటాయి. రూపాయలు వరుసగా పేర్చుకునే ప్రతివారికీ ఆ వరుసలో దీనికోసం ఒక ఖాళీ మిగిలి ఉంటుంది. ఎన్ని ముద్రించారన్నది ఒక లెక్క, ఎందరు కోరుకుంటున్నారన్నది మరొక లెక్క. నా ఉద్దేశంలో రెండోదే బరువైనది.

ఎన్ని మిగిలాయన్నది మూడో లెక్క. అమెరికాలో 1933లో ఇరవై డాలర్ల బంగారు నాణేలు 4,45,500 తయారు చేసి, ప్రజలకు ఇవ్వకుండానే దాదాపు అన్నింటినీ కరిగించేశారు. ఔన్సు కూడా నిండని బంగారం ఉన్న ఆ నాణేల్లో, సొంతంగా ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకున్న ఒకే ఒక్కటి 2021లో న్యూయార్క్ వేలంలో సుమారు 1 కోటి 88 లక్షల డాలర్లకు పోయింది.

ఈ బొంబాయి సవరను మా నాయనమ్మ కాసులపేరులోనిది. దగ్గరగా చూపిస్తాను. పైఅంచున రాజు తల మీద కొండి అతికించిన చోట బంగారం కరిగి చిన్న గడ్డలా పేరుకుపోయింది. పేరు విప్పించినప్పుడు అవుసలి ఆ కొండిని కోసేసి, అరగదీసి, అడగకుండానే నాణేనికి మెరుగు కూడా పెట్టి ఇచ్చాడు. ఇంట్లో అందరూ కొత్తదానిలా ఉందని సంతోషపడ్డారు. కానీ వెలుతురులో వంచి చూస్తే, వందేళ్ళ పాత లోహం మీద ఉండవలసిన మెత్తని కాంతి పోయి, సన్నని గీతలు ఒకే దిక్కుగా కనిపిస్తున్నాయి. గుర్రం జూలు గీతలు చదునైపోయాయి. కరగబోస్తే వచ్చే విలువ తప్ప దీనికి ఇంకేమీ మిగలలేదు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. నిమ్మరసం, చింతపండు, సబ్బుపొడి, పళ్ళపొడి, ఏదీ పాత నాణేనికి తగలనివ్వకండి. అంచులు పట్టుకుని ఎత్తండి.

ఇక ఈ వీడియోకు అసలు కారణమైన అష్రఫీ. ఇది హైదరాబాదు రాజ్యపు నాణెం, 11.18 గ్రాములు, 910 వన్నె. అంతకుముందు నిజాంల నాణేలపై ఒట్టి పారసీ అక్షరాలే ఉండేవి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో యంత్రాలతో ముద్రించడం స్థిరపడ్డాక చార్మినార్ బొమ్మ వచ్చింది. భూతద్దం పెట్టి ఆ బొమ్మలో ద్వారం లోపలి ఖాళీని చూడండి. అక్కడ ఉన్న ఒంటి అక్షరం ‘మీమ్’, అంటే మన ‘మ’. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరులోని మొదటి అక్షరం అది. 1890లో పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరు వచ్చింది ఆయన మీదుగానే, కనుక ఈ ఊరివాడిగా ఆ అక్షరాన్ని భూతద్దం కింద చూసినప్పుడల్లా నాకు ప్రత్యేకమైన ఆనందం కలుగుతుంది.

1911లో ఆయన మరణించి, ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిన తరువాత అదే ద్వారంలోకి, పారసీ లిపిలో ఉస్మాన్ పేరు మొదలయ్యే ‘ఐన్’ అక్షరం వచ్చింది, మొదట పొట్టి రూపంలో, ఆ తరువాత పూర్తి అక్షరంగా. చార్మినార్ బొమ్మ వచ్చాక మహబూబ్ అలీ ఖాన్ కొన్నేళ్ళే ఉన్నారు కాబట్టి ‘మీమ్’ అష్రఫీ ముద్రించిన కాలం చిన్నది. తూకంలో, వన్నెలో ఏ తేడా లేని రెండు అష్రఫీల మధ్య, నువ్వుగింజంత కూడా లేని ఈ అక్షరం వల్ల ధర మారిపోతుంది. అర, పావు, అరపావు అష్రఫీలు కూడా ఉన్నాయి. హిజ్రీ సంవత్సరం, పాలన సంవత్సరం రెండూ చదవడం నేర్చుకుంటే తప్ప వీటిని కొనడానికి దిగకండి.

ఎందుకంటే నకిలీలు ఉన్నాయి. మొహరును దారంతో వేలాడదీసి, నీళ్ళలో మునిగేలా పట్టి తూచాను: గాలిలో 7.98, నీటిలో 7.53. గాలిలో తూకాన్ని తగ్గిన 0.45తో భాగిస్తే సాంద్రత 17.7 దాకా వస్తుంది, 22 క్యారెట్ల బంగారానికి అది సరిపోతుంది. అయితే నిజమైన బంగారంతోనే అరుదైన సంవత్సరాన్ని అచ్చు వేసినవారి మోసాన్ని ఈ పరీక్ష పట్టుకోలేదు. అక్కడ అక్షరాల అంచులు, అంచు గాట్లు, నేపథ్యపు నునుపు, చేతులు మారిన చరిత్ర, ఇవే ఆధారాలు.

నల్లగొండ ప్రాంతంలో రోమన్ నాణేలు కూడా దొరికాయి. దున్నుతుంటే మీకు అలాంటివి కనిపిస్తే అవి మీ సేకరణలోకి రావు. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. మట్టి కూడా తుడవకుండా అప్పగించండి, ఏ కుండలో ఏ నాణెం పక్కన ఏది ఉందన్న సంగతి అప్పుడే మిగులుతుంది.

కొనదలచినవారికి నా సలహా ఇది. పొదుపు కోసమైతే బ్యాంకు నాణెం తీసుకోండి. సేకరణ మొదలుపెట్టేవారు కొండి అతుకు లేని, మెరుగు పెట్టని 1918 మొహరు తీసుకోండి, పోల్చి చూసుకోవడానికి తగినన్ని ఉన్నాయి. ‘మీమ్’ అష్రఫీని మాత్రం కనీసం ఐదారు అసలైనవి చేతిలో పట్టి చూసిన తరువాతే కొనండి. నేను చూసినవి ఇప్పటికి మూడే, అందుకే నా మిత్రుడు అమ్ముతానన్నా ఇంకా తీసుకోలేదు.