సెనేట్ చెప్పిన ప్రతి పనీ చెయ్యాలా? రోమ్: టోటల్ వార్ మిషన్ల సంగతి

[స్క్రీన్ మీద క్యాంపెయిన్ మ్యాప్. గ్రీసులో రెండు ఆర్మీలు ఒక కోటని ముట్టడి వేసి ఉంటాయి. సెనేట్ ఉత్తరం తెరుచుకుంటుంది.]

నమస్కారమండి. రోమ్: టోటల్ వార్ అనే యుద్ధాల గేమ్‌లో మీరు బ్రూటీ అనే రోమన్ కుటుంబంతో ఆడుతున్నారు. ఉన్న రెండు ఆర్మీలూ గ్రీసులో ముట్టడి మీద కూర్చున్నాయి. ఖజానా అడుగంటింది. సరిగ్గా అప్పుడే సెనేట్ నుంచి, అంటే రోమ్‌ని నడిపే పెద్దల సభ నుంచి, ఉత్తరం వస్తుంది. ఫలానా రేవుకి ఓడలు పంపి దిగ్బంధం చెయ్యి, ఇన్ని టర్న్‌లలో అయిపోవాలి అని (టర్న్ అంటే ఆటలో మీ ఒక వంతు). ఆ రేవు ఎవరిదయ్యా అంటే, ఇన్నాళ్ళూ మీతో వ్యాపారం చేసి మీ ఖజానా నింపినవాడిది.

భీమవరం నుంచి ఒక తమ్ముడు ఇదే అడిగాడు. "అన్నా, చేస్తే డబ్బు పోద్ది, చెయ్యకపోతే సెనేట్ దగ్గర పరువు పోద్ది. ఏం చెయ్యమంటావు?" అని. మంచి ప్రశ్న. ఈ గేమ్ 2004లో వచ్చింది, 2018 చివర్లో ఆండ్రాయిడ్‌కి వచ్చింది, 2021లో రీమాస్టర్డ్ కూడా వచ్చింది. ఇన్నేళ్ళయినా జనం విసుగెత్తి క్యాంపెయిన్ మధ్యలో వదిలేసేది ఎక్కువగా ఈ మిషన్ల దగ్గరే, అంటే సెనేట్ అప్పగించే పనుల దగ్గరే. వదిలెయ్యక్కర్లేదండి. సెనేట్ ఎందుకు అడుగుతుందో తెలిస్తే ఆట మొత్తం మారిపోద్ది.

[సెనేట్ స్క్రోల్ తెరుస్తూ. సెనేట్ ఆదరణ, ప్రజాదరణ చూపించే చోట ఆగాలి.]

ఇక్కడ చూడండి. మీ కుటుంబానికి రెండు రకాల పేరుంది. సెనేట్ దగ్గర ఉన్న పేరు ఒకటి, జనంలో ఉన్న పేరు ఒకటి. మీరు ఊళ్ళు గెలిచే కొద్దీ జనం మిమ్మల్ని నెత్తిన పెట్టుకుంటారు. మీరు పెరిగే కొద్దీ సెనేట్‌కి కన్ను కుడుతుంది. ఈ క్యాంపెయిన్ గెలవాలంటే 50 ప్రావిన్సులు కావాలి, అందులో రోమ్ నగరం ఉండి తీరాలి. రోమ్ ఎవరి చేతిలో ఉంది? సెనేట్ చేతిలోనే. అంటే మొదటి టర్న్ నుంచే మీరు ఏదో ఒక రోజు సెనేట్‌తో తలపడాల్సినవాళ్ళు. ఆ రోజు ఎప్పుడొస్తుందన్నదే మీ చేతుల్లో ఉంది. మిషన్ చేసిన ప్రతిసారీ ఆ రోజుని కాస్త వెనక్కి జరుపుతున్నారు. అందుకని సెనేట్ పని సెనేట్ కోసం చెయ్యకండి, మీకు కావలసిన గడువు కోసం చెయ్యండి. గడువు అవసరం ఉన్నంతకాలం చేస్తాం, తీరాక మానేస్తాం. నేను చెప్పేదంతా దీని మీదే నడుస్తుంది.

మొదట్లో గడువు చాలా అవసరం. బ్రూటీలు కాక ఆటలో జూలీలు, స్కిపీలు అని ఇంకో రెండు రోమన్ కుటుంబాలున్నాయి. జూలీలకి అరెటియమ్, అరిమినమ్. బ్రూటీలకి టారెంటమ్, క్రోటన్. స్కిపీలకి కపువా, మెస్సానా. తలా రెండు ఊళ్ళు, చేతిలో చిన్న ఆర్మీ. ఈ దశలో సెనేట్ అడిగేవి దాదాపు మీకు ఎలాగూ కావాల్సినవే. జూలీలని సెగెస్టా పట్టమంటుంది, బ్రూటీలని అపొలోనియా పట్టమంటుంది, స్కిపీలని సిరక్యూస్ మీదకి పంపుతుంది. ఆలోచించక్కర్లేదు, చేసెయ్యండి. ఊరూ వస్తుంది, పేరూ వస్తుంది. పేరు బాగుంటే మీ కుటుంబంలో వాళ్ళకి సెనేట్ పదవులు వస్తాయి. క్వేస్టర్, ఏడైల్, ప్రీటర్, కాన్సుల్ ఇలా. పదవి చేసినవాడి పలుకుబడి పెరుగుతుంది. పలుకుబడి ఉన్నవాడిని అల్లరి చేసే ఊరికి గవర్నరుగా పెట్టారనుకోండి, ఆ ఊరు కుదుటపడుతుంది. చాలామంది ఈ పదవుల్ని అలంకారం అనుకుని వదిలేస్తారు. కాదండి, కొత్తగా గెలిచిన గ్రీకు నగరంలో తిరుగుబాటు ఆపేది చాలాసార్లు ఆ మాజీ కాన్సులే.

[కట్. ఒక బైరీమ్ ఓడ రేవు వైపు కదులుతుంది.]

ఇక తమ్ముడు అడిగిన రేవు సంగతికొద్దాం. అన్ని మిషన్లలోకీ ఎక్కువ చిరాకు తెప్పించేది ఇదే, కాబట్టి నెమ్మదిగా చూద్దాం.

దిగ్బంధం చెయ్యడం అంటే ఓడల్ని ఆ రేవు మీదకి తీసుకెళ్ళి, టర్న్ అయ్యేదాకా అక్కడే ఉంచడం. వినడానికి తేలిక. కానీ మీ ఓడలు టారెంటమ్‌లో ఉంటాయి, అడిగిన రేవు ఈజియన్ అవతల ఉంటుంది. అప్పుడు కంగారుగా ఓడ కట్టించి పంపితే దారిలో సముద్రపు దొంగలు ముంచేస్తారు. మన దగ్గర దాళ్వాలో వంతు నీళ్ళు వచ్చే రోజు పార పట్టుకుని బోదె తవ్వడం మొదలెట్టినవాడి చేలోకి నీళ్ళు రావు, ముందే బాగు చేసుకున్నవాడికే వస్తాయి. ఓడలూ అంతే. మిషన్ వచ్చాక కాదు, రాకముందే రెండు మూడు ఓడల్ని ఇటలీకీ గ్రీసుకీ మధ్య ఎప్పుడూ తిప్పుతూ ఉంచండి. అయ్యే ఖర్చు తక్కువ. ఉత్తరం వచ్చాక నాలుగు టర్న్‌ల ప్రయాణం కాస్తా రెండు టర్న్‌లవుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఎవడితోనైనా శాంతిగా ఉండి వాడి రేవుని దిగ్బంధం చేస్తే, అది యుద్ధమే. వ్యాపారం అక్కడికక్కడ ఆగిపోతుంది. సముద్ర వ్యాపారం మీద బతికే బ్రూటీలకి ఇది పెద్ద దెబ్బ. కాబట్టి ఓడ కదిపే ముందు ఒక్క పని చెయ్యండి. మీ రేవు నగరాల మీద నొక్కి, వ్యాపార ఆదాయంలో ఎంత ఆ దేశం వైపు నుంచి వస్తుందో చూడండి. తక్కువైతే దిగ్బంధం చేసెయ్యండి. ఎక్కువైతే వాడి ఊరి దగ్గర్లో సంధులు మాట్లాడే దూతని, అంటే ఒక డిప్లొమాట్‌ని ముందే నిలబెట్టి, మిషన్ పూర్తయిందని ఉత్తరం రాగానే ఓడల్ని వెనక్కి తీసి, అదే టర్న్‌లో కొంత డబ్బు ఇచ్చి సంధి అడగండి. ప్రతిసారీ ఒప్పుకోరు, అది మాత్రం నిజం. మీ ఆర్మీ వాడి సరిహద్దులో కనిపిస్తుంటే ఒప్పుకునే అవకాశం బాగుంటుంది. ఆ రెండూ లేకపోతే, అంటే డిప్లొమాటూ లేడు, సరిహద్దులో ఆర్మీ లేదు, ఆదాయమేమో సగం వాడి దగ్గర్నుంచే వస్తోంది, అప్పుడు మిషన్ వదిలెయ్యండి. ఒక్క మిషన్ తప్పితే సెనేట్ ఆకాశాన్ని కూల్చదు. పేరు కొంచెం తగ్గుతుంది. వచ్చే పెద్ద మిషన్ ఒకటి చేస్తే మళ్ళీ పుంజుకుంటుంది.

ఫోన్లో ఆడేవాళ్ళకి ఒక మాట. టర్న్ మొదట్లో వచ్చే ఉత్తరాలన్నీ గబగబా కొట్టేస్తారు, మీకు ఆ అలవాటుంటే మానుకోండి. సెనేట్ ఉత్తరంలో గడువు ఉంటుంది, చెయ్యకపోతే ఏమవుతుందో కొన్నిసార్లు రాసి ఉంటుంది. జరిమానా రాసి ఉన్నదానికీ ఊరికే అడిగినదానికీ చాలా తేడా ఉంది.

[కట్. ఆఫ్రికా తీరం, ఎడారి మధ్య ఒక ఊరు.]

ఊరు పట్టుకోమనే మిషన్లలో ఇంకో బాధ. ఎక్కడో మీ రాజధానికి చాలా దూరంలో ఉన్న ఊరు చెప్తారు. రాజధానికి ఎంత దూరమైతే ఆ ఊళ్ళో అశాంతి అంత ఎక్కువ. పట్టడం కష్టం కాదు, నిలబెట్టుకోవడానికి సగం ఆర్మీని అక్కడే వదిలెయ్యాలి. కానీ సెనేట్ అడిగింది పట్టమనే. గెలిచిన టర్న్‌తో మిషన్ పూర్తయిపోతుంది. ఆ తర్వాత ఊరు మీ ఇష్టం. గెలిచినప్పుడు జనాన్ని బానిసలుగా తీసుకుపోయే ఎంపిక నొక్కితే, ఆ జనం గవర్నర్లున్న మీ మిగతా నగరాలకి చేరతారు. మిగిలిన చిన్న ఊరిని డిప్లొమాట్ ద్వారా పక్కనున్న మీ మిత్రుడికి ఇచ్చెయ్యొచ్చు. వాడికి ఊరు, మీకు సెనేట్ దగ్గర పేరు, వాడి దగ్గర స్నేహం. ఆర్మీ ఖాళీ అయి తిరిగి వస్తుంది.

సెనేట్ పని అప్పగిస్తుంది కానీ సైన్యం ఇవ్వదు కదా, ఇదేం అన్యాయం అని అడుగుతారు. అసలు రోమ్‌లో కూడా ఇలాగే జరిగిందండి. క్రీ.పూ. 205లో స్కిపియో అనే రోమన్ సేనాని కాన్సుల్ అయ్యాడు. ఆఫ్రికా వెళ్ళి, రోమ్‌కి శత్రువైన కార్తేజ్‌ని వాళ్ళింట్లోనే కొడతానన్నాడు. ఫేబియస్ లాంటి పెద్దలు ఒప్పుకోలేదు. చివరికి సెనేట్ సిసిలీని అప్పగించి, దాటాలనుకుంటే దాటు అంది గానీ, కొత్తగా సైనికుల్ని బలవంతంగా చేర్చుకునే హక్కు ఇవ్వలేదు. స్కిపియో తనంతట తాను వచ్చినవాళ్ళని పోగేసుకుని, సిసిలీలో ఉన్న దండుని తయారు చేసి, క్రీ.పూ. 204లో దాటాడు. రెండేళ్ళకి జామా దగ్గర కార్తేజ్ సేనాని హనిబాల్‌ని ఓడించాడు. ఈ గేమ్ చేసినవాళ్ళు ఊరికే మనల్ని ఏడిపించడానికి ఇలా పెట్టారనుకోను. ఆ కాలంలో సేనాని బతుకు అదే.

ఇంకో సంగతి, బహుమతి గురించి. మిషన్ చేస్తే ఒకసారి డబ్బొస్తుంది, ఒకసారి ఒక దండు వస్తుంది, ఒకసారి మెచ్చుకోలు తప్ప ఏమీ రాదు. రాబోయే డబ్బుని నమ్ముకుని ఈ టర్న్‌లోనే బ్యారక్స్ కట్టడం మొదలెట్టకండి. 1758లో మన పిఠాపురం పక్కన చందుర్తి యుద్ధం జరిగింది, విన్నారా? ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ క్లైవ్ బెంగాల్ నుంచి ఫోర్డ్ అనే సేనానిని పంపాడు. విజయనగరం ఆనంద గజపతిరాజు ఖర్చులు పెట్టుకుంటానన్నాడు. ఇద్దరూ కలిసి డిసెంబరులో ఫ్రెంచివాళ్ళని చందుర్తి దగ్గర ఓడించారు, వెంటనే రాజమండ్రీ చేతికొచ్చింది. అక్కడితో డబ్బు ఆగిపోయింది. మచిలీపట్నం మీదకి వెళ్ళాల్సిన ఫోర్డ్, గోదారి గట్టున వారాల తరబడి ఇరుక్కుపోయాడు. చేతిలో గెలుపు ఉంది, సైనికుల జీతాలకి పైసా లేదు. చివరికి కదిలి 1759 ఏప్రిల్లో మచిలీపట్నం పట్టుకున్నాడు, కానీ దాడికి ముందు సొంత సైనికులే ఎదురు తిరిగారు. మాటిచ్చిన డబ్బు వేరు, చేతిలో ఉన్న డబ్బు వేరు.

[మ్యాప్ మారుతుంది. బ్రూటీ రంగు గ్రీసంతా పరుచుకుని ఉంటుంది.]

ఇప్పుడు ఆట ఆఖరి భాగం. మీరు బాగా పెరిగారు. జనం మీవైపున్నారు. సెనేట్ దగ్గర పేరు మాత్రం మిషన్లు ఎన్ని చేసినా పడిపోతూనే ఉంటుంది. ఒక టర్న్‌లో ఉత్తరం వస్తుంది, మీ కుటుంబ పెద్ద ఆత్మహత్య చేసుకోవాలి అని. చాలామందికి ఇక్కడ గుండె జారిపోతుంది. జారక్కర్లేదు. ఇన్నాళ్ళూ గడువు సంపాదించుకుంది దీనికోసమే.

ఒప్పుకుంటే పెద్దాయన పోతాడు, వారసుడు వస్తాడు, సెనేట్ కొన్నాళ్ళు చల్లబడుతుంది. మీ పెద్ద ముసలివాడైపోయి, వారసుడు మంచి సేనాని అయి, మీ ఆర్మీలు ఇంకా దూరంలో ఉంటే ఒప్పుకోవడమే తెలివి. నేనైతే సిగ్గుపడకుండా ఒప్పుకుంటాను. కాదంటే సెనేట్‌తో పాటు మిగతా రెండు రోమన్ కుటుంబాలూ ఆ టర్న్ నుంచే మీ శత్రువులు. క్రీ.పూ. 49లో సీజర్‌కి వచ్చిన ఉత్తరం కూడా దాదాపు ఇలాంటిదే. సైన్యాన్ని వదిలెయ్ అన్నారు, ఆయన ఇటలీ హద్దులోని రూబికాన్ నది దాటి సైన్యంతో వచ్చాడు. కానీ అప్పటికి ఆయన వెనక గాల్‌లో ఆరితేరిన సైన్యం ఉంది.

మీరూ ఆ ఉత్తరం వచ్చేదాకా ఆగకండి. సెనేట్ ఆదరణ సగానికి దిగగానే, గ్రీసులో ఉన్న ఆర్మీల్లో మంచి రెండింటిని ఓడలెక్కించి టారెంటమ్‌కి తీసుకురండి. ఒకటి రోమ్ దారిలో, ఇంకొకటి కపువా దారిలో నిలబెట్టండి. కపువా ఎందుకంటే అది స్కిపీలది, రోమ్‌కి పక్కనే ఉంటుంది, వదిలేస్తే మీ వెనక నుంచి కొడతారు. ముట్టడి పరికరాలు కట్టుకుంటూ కూర్చునే టైము ఉండదు కాబట్టి, ఆర్మీతో పాటు ఒనాజర్లు, అంటే రాళ్ళు విసిరే యంత్రాలు, ఉండాలి, లేదా లోపలికి ముందే ఒక స్పైని దింపాలి. స్పై ఉంటే గేట్లు తెరుచుకునే అవకాశం ఉంటుంది. నాకు స్పై పద్ధతే ఇష్టం, చౌక, శబ్దం లేదు. సెనేట్ స్క్రోల్‌లో కాదు అని నొక్కిన టర్న్‌లోనే ఒక ఆర్మీ రోమ్ మీదకి, ఇంకొకటి కపువా మీదకి కదలాలి. ఒక్క టర్న్ ఆలస్యమైతే జూలీలు అరెటియమ్ నుంచి దిగి సెనేట్ ఆర్మీతో కలుస్తారు, అప్పుడు మీరు పోరాడాల్సింది రోమ్‌తో కాదు, ఇటలీ మొత్తంతో.